లాజరు మేస్త్రీ కట్టిన సుల్తాను గోడ

పటమటలో తాను టైల్స్ వెయ్యని బాత్రూం లేదని లాజరు మేస్త్రీ చెప్పుకుంటాడు. అది అబద్ధం కాదు. కానీ ఇంటికొచ్చిన చుట్టాన్ని బాత్రూంలోకి పిలిచి, గోడ చూడండి అనరు గదా. నలుగురూ నిలబడి చూసే గోడ ఒక్కటన్నా కట్టాలని ఆయన కోరిక.

ఆ అదృష్టం రత్తయ్యగారి అసూయ వల్ల పట్టింది. కంకిపాడు రోడ్డులో ఆయనకో ఫంక్షన్ హాలుంది. ఎదుటి హాలువాళ్ళు గుమ్మం ముందు సిమెంటు ఏనుగుల్ని నిలబెట్టేసరికి ఆయనకు అన్నం సయించలేదు. లాజరును పిలిపించి ఫోనులో స్పెయిన్ దేశపు అల్‌హంబ్రా చూపించాడు. ముస్లిం సుల్తానుల రాజభవనం. గోడల కింది భాగమంతా రంగు పలకలు కోసి కూర్చిన నక్షత్రాలు, ఆ పైన లతలు చెక్కిన సున్నపు పని.

"స్టేజీ వెనక ఇది దించాలి మేస్త్రీ."

"దించేస్తానండీ. మా అమ్మాయి స్టెల్లా పెళ్ళి విందు దీని ముందే చేసుకుంటానండీ."

వేసవంతా లాజరు నీలం, ఆకుపచ్చ పలకల్ని నక్షత్రాలుగా కోశాడు. సుల్తానుకు పనివాళ్ళ దండు ఉండేది. లాజరుకు దగ్గు ఉంది. అయినా గోడ బ్రహ్మాండంగా వచ్చింది.

మొదటి పెళ్ళివారు చూసి అదిరిపడ్డారు. "బాత్రూం ముందు తాళి కట్టిస్తారేంటండీ?" అని పరదా కట్టించారు. తరవాతివాళ్ళు పూలతో కప్పారు. మనవాళ్ళకు గోడ మీద పలక కనిపిస్తే కుళాయి ఎక్కడుందా అని చూడటం అలవాటు. సుల్తాను మన ఊళ్ళో పుట్టక బతికిపోయాడు.

"మా అమ్మాయి పెళ్ళిలో చూద్దురుగాని" అని లాజరు అందరికీ చెప్పుకున్నాడు.

చర్చిలో పెళ్ళయి, సాయంత్రం హాలుకు వచ్చేసరికి గోడ మీద ఫ్లెక్సీ బిగించి ఉంది. ఫ్లెక్సీ మీద అల్‌హంబ్రా. అవే నక్షత్రాలు.

"గోడ ఉందిగదే తల్లీ!"

"ఫొటోల్లో బాత్రూంలా పడుద్ది నాన్నా. అందుకే ఒరిజినల్ పెట్టించా" అంది స్టెల్లా.

"పిల్ల ముచ్చట పడింది, ఊరుకోవయ్యా" అంది భార్య అమలమ్మ.

భోజనాల బల్ల దగ్గర్నుంచి మైలవరం వియ్యపురాలు కళ్ళు చికిలించి స్టేజీ వంక చూసింది. "అన్నయ్యగారూ, మీరు కట్టానన్న గోడ అదేనా? ఎంత బాగుందండీ!"

లాజరు అటు తిరిగాడు. ఫ్యాను గాలికి సుల్తాను గోడ కాస్త ఉబ్బి, మళ్ళీ దిగింది.

"అదేనమ్మా" అన్నాడు. "చాలా కష్టపడ్డాను."

తరవాత వెళ్ళి ఆ ఫ్యాను ఆపించాడు.