లేని మొక్కుకు ఇచ్చిన జుట్టు

పదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పడం కొంత సులువు. దేవుడి పేరు చెప్పి నా కూతురికి గుండు చేయించాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

మాది చంద్రపూర్‌లో బాబుపేట్. మా ఆయనకూ నాకూ కలిపి చిన్న ఫ్యాన్సీ దుకాణం: గాజులు, క్లిప్పులు, షాంపూలు. అత్తమ్మది కోర్పనా వైపు ఊరు. ఆ ఇంట్లో ఆడవాళ్లందరివీ బారు జడలు. నా బిడ్డకు మాత్రం మా నాన్న జుట్టు వచ్చింది, ఉంగరాలు ఉంగరాలుగా. దువ్వెన పళ్లు విరిగేవి, పిల్ల ఏడ్చేది, బయట స్కూలు ఆటో హారన్ కొట్టేది. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు పాపకు తల దువ్వలేదా అని అడిగేవారు. నా కోపం ఆ జుట్టు మీదా, నన్ను చేతకానిదనుకుంటున్నారనా? రెండోదే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

గుండు చేయిస్తే ఉంగరాలు పోయి సాఫుగా మొలుస్తుందని ఎవరో అన్నారు. పుట్టువెంట్రుకలు ఎప్పుడో తీశాం. మళ్లీ ఎందుకంటే ఇంట్లో ఏం చెప్పను? పాపకు జ్వరమొచ్చినప్పుడు మొక్కుకున్నానని చెప్పాను. మొక్కంటే మా ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడరు. అత్తమ్మే టవలూ కొబ్బరికాయా సర్దింది. అయిదేళ్ల పిల్ల మంగలి ముందు కూర్చుని, దేవుడికి నా జుట్టెందుకని అడిగింది. నీ జుట్టంటే ఆయనకు చాలా ఇష్టమని చెప్పాను. మళ్లీ ఉంగరాలే మొలిచాయి. ఏడాది తర్వాత ఇంకో మొక్కు పుట్టించాను. మళ్లీ ఉంగరాలే. ఆ జుట్టు నాకంటే మొండిది.

అప్పటికి బుద్ధొచ్చింది. జుట్టును మార్చడం మానేసి, దానికి ఏం కావాలో వెతకడం మొదలుపెట్టాను. మా దుకాణంలో ఉన్న సీసాలన్నీ జుట్టును సాఫు చేస్తామనేవే. నాగపూర్ నుంచి తెప్పించిన క్రీము తలంతా జిడ్డు చేసింది. ఆన్‌లైన్‌లో వచ్చింది దురద పెట్టింది. చివరికి ఘుగ్గుస్ నుంచి గాజులకు వచ్చే ఒకామె, ఆమెదీ ఉంగరాల జుట్టే, కిటుకు చెప్పింది: అవిసె గింజలు ఉడకబెట్టి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ జిగురు తడి జుట్టుకు పట్టించమని. అవిసెలు! మేం జవస్ అంటాం, ఆ చట్నీ లేనిదే మా ఇంట్లో జొన్నరొట్టె దిగదు. డబ్బా ఎప్పుడూ నా చేతికందే చోటే ఉండేది. దానికి తోడు వెడల్పు పళ్ల దువ్వెన, నురుగు తక్కువ షాంపూ, తుడవడానికి పాత నూలు బనీను. మూడు వారాల్లో ఒక్కో ఉంగరం విడివిడిగా నిలిచింది. వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. ఇప్పుడు మా దుకాణంలో ఉంగరాల జుట్టు కోసమే ఒక అర ఉంది, తల్లులు అడుగుతూ వస్తారు.

అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ ఏడు పిల్ల మంచి మార్కులతో పదో తరగతి పాసైంది. పాసైతే గుండు ఇస్తానని తనకు తానే మొక్కుకుందట. దేవుడు రెండుసార్లు అడిగి తీసుకున్నాడు కదా, ఆయనకు ఇష్టమైనదే ఇస్తానంది. నడుం దాకా పెరిగిన జుట్టు. ఆదివారం ప్రయాణం. అత్తమ్మ సంబరపడుతోంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. మూసుకోగలనా? శనివారం మధ్యాహ్నం, పిల్ల తలకు జిగురు పట్టిస్తూ చెప్పేశాను.

"దేవుడు అడగలే బిడ్డా. మొక్కే లేకుండె. నీ జుట్టు సాఫుగ రావాలని నేనే తీయించిన."

పిల్ల నా వైపు తిరిగింది. నా చేతిలోని గిన్నె తీసుకుంది.

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

"అయితే దేవునికి మూడు కత్తెర్లు ఇస్త. ఆడోళ్లకు గంతే చాలు. మిగిలింది నాది. నానమ్మకు నువ్వే చెప్పు."

చెప్పాను. అత్తమ్మ రెండు రోజులు నా ముఖం చూడలేదు. గుడి దగ్గర మంగలి మూడు చోట్ల కొసలు కత్తిరించాడు. నా కూతురు మిగతా జుట్టంతా విరబోసుకుని, అంత జనంలో తలెత్తుకుని మెట్లు దిగింది. నాకు ఏడుపొచ్చింది, గర్వమూ వచ్చింది. నన్ను క్షమించిందా? లేదు. నేను అడగనూ లేదు. ఇప్పుడు జిగురు తనే కాచుకుంటుంది, నన్ను తల ముట్టనివ్వదు. ఆ జుట్టు ఆమెదని మా ఇంట్లో అందరికీ తెలుసు, నేను చెప్పబట్టే తెలుసు.