నూటొక్క పళ్లాల ముందు నడిచినవాడు

ఉసిలంపట్టి బస్టాండు ఎదుటి వీడియో స్టూడియోలో ముత్తరసి పదకొండేళ్లు పెళ్లిళ్లూ చెవికుట్లూ కత్తిరించి, మొదట క్యాసెట్లకూ తర్వాత డీవీడీలకూ ఎక్కించింది. ప్రతి అట్ట మీదా కత్తిరింపు పనికి వాడే ‘మిక్సింగ్’ అన్న మాట పక్కన ఓనరు తవమణి బావమరిది పేరే ఉండేది. అతగాడికి కంప్యూటరు ఆన్ చేయడం కూడా రాదు. ముత్తరసి ఒక్కనాడూ ఇదేమని అడగలేదు. అడిగితే కుర్చీ పోతుందని తెలుసు.

పని మాత్రం రోత పని. ఆరు గంటల వేడుకను రెండు గంటలకు దించాలి. అంతా ఒకే డిస్కులో కుక్కితే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. రెండో డిస్కు ఇవ్వడానికి తవమణికి చేతులు రావు. చెవులు కుట్టే పిల్లకు మేనమామ తెచ్చిన సారె పళ్లాలు నూటొక్కటీ కనబడాలి. ఒక్క అరటిపళ్ల పళ్లెం తగ్గినా కొట్లాటకొస్తారు. కౌన్సిలరు కారు దిగడం నాలుగుసార్లు, నెమ్మదిగా, రావాలి. మరి పోయేదెవరు? గిన్నెలు తోమేవాళ్లు, ఎంగిలాకులు ఎత్తేవాళ్లు, సారెకు ముందు నడిచే డప్పులవాళ్లు. వాళ్లను కోసిన రోజు ఆమె అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్లేది.

రెండువేల ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం పేచ్చి వచ్చింది. డప్పు సడయన్ కూతురు. చెప్పులు మెట్టు కింద వదిలి అక్కడే నిలబడింది.

“అక్కా, మా అయ్య పోయి వారమైంది. పోయిన నెల చెవికుట్లలో సారె ముందు కొట్టాడంట గదా. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఒక్కసారి చూపిస్తావా?”

తవమణి పగలబడి నవ్వాడు. “ఊళ్లో పీనుగులన్నిటికీ కొట్టినోడికి సినిమా కావాలంటా! ఆ టేపు రేపు పొద్దున కెమెరాలోకి పోవాలి, దాని మీద ఇంకో పెళ్లి ఎక్కాలి. నీ పని చూడు ముత్తరసీ.”

అతను టీకి వెళ్లగానే ముత్తరసి తలుపు తెరిచింది. “లోపలికి రా పేచ్చీ. చెప్పులేసుకునే రా.”

టేపులో తొమ్మిది నిమిషాలు. సడయన్ పళ్లాల వైపు మొహం పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, డప్పు కొడుతూ నవ్వుతున్నాడు. పేచ్చి తెర మీద అరచెయ్యి పెట్టింది. ముత్తరసి ఆ తొమ్మిది నిమిషాలూ వేరే డిస్కు చేసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. తర్వాత ఆ చెవికుట్ల ఇంటివాళ్ల డిస్కులో కౌన్సిలరు కారు దిగడం మూడుసార్లు కోసేసి, అక్కడ సడయన్‌ను నిలబెట్టింది.

మూడోనాడు ఆ ఇంటి మేనమామ ఊగిపోతూ వచ్చి డిస్కును బల్ల మీదికి విసిరాడు. “నా సారె ముందు వాడి మొహమేంట్రా? ఇంట్లో ఆడాళ్లు అన్నం తింటా చూసేది ఇదా?”

“తప్పైపోయింది మామా,” అన్నాడు తవమణి.

“ఆయన కొట్టకుండా నీ పళ్లెం ఒక్కటన్నా వీధి దాటిందా మామా?” అంది ముత్తరసి.

ముత్తరసి కుర్చీ పోయింది. కొత్త మనిషి వచ్చి సడయన్‌ను కోసేశాడు. టేపు మీద అప్పటికే ఇంకో పెళ్లి ఎక్కింది. డప్పు మోత కావాలి, కొట్టినవాడి మొహం అక్కర్లేదు. ఇంతకన్నా అసహ్యం ఏముంటుంది?

ఇన్నేళ్లకు మొన్న పేచ్చి తన దగ్గరున్న ఆ డిస్కు తెచ్చింది. అంచున పూత పొట్టులా లేస్తోంది. ముత్తరసి ఇప్పుడు నడుపుకునే జిరాక్సు కొట్లో దాన్ని పెన్‌డ్రైవులోకి దించి ఇచ్చింది.

మీ బీరువాలోనూ అలాంటి డిస్కులుంటాయి. ఈ ఆదివారం ఒకటి బయటికి తీయండి. పని చేస్తూ కెమెరాకు అడ్డొచ్చిన ఒక మనిషి పేరు కనుక్కోండి. ఆ ముక్క కాపీ చేసి, వాళ్లింటికి మీరే నడిచి వెళ్లి ఇచ్చి రండి. పొట్టు పూర్తిగా లేవకముందే.