బరంపురం నంబరు

నేను బరంపురంలో నర్సు చదువు చదివి, అక్కడే ఆరేళ్లు పురుళ్లు పోసినదాన్ని. పోర్టులో ఉద్యోగం చేసే ఆయన్ని పెళ్లాడి గాజువాకలో కాపురం పెట్టేసరికి నా చదువు అటకెక్కింది. ఒరిస్సా రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లదట. మళ్లీ నమోదు చేయించుకోవాలి, అంతవరకూ ఎవర్నీ ముట్టుకోకూడదు, ముట్టుకున్నట్టు తెలిస్తే దరఖాస్తు తిప్పికొడతామని నర్సుల రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమాస్తా హెచ్చరించాడు. సరిహద్దులో ఇచ్ఛాపురం దాటితే ఆడవాళ్ల కడుపులు వేరే తీరుగా ఉంటాయా అని అడిగాను. అతనికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం యారాడ నుంచి ఒక జాలరి కొండ దాటి పరిగెత్తుకొచ్చాడు. భార్యకి పొద్దుటి నుంచి నొప్పులు, బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. ఆ ఊరి మంత్రసానే నన్ను తీసుకురమ్మందట. ఆ ముసలమ్మ మా వీధిలో చేపలమ్ముతుంది, నా చదువు సంగతి ఆమెకి తెలుసు. మా ఆయన దరఖాస్తు మాట గుర్తుచేశారు. గుర్తుంది కాబట్టే ఒళ్లు మండుతోందన్నాను.

జాలరి వెంట యారాడ వెళ్లాను. నొప్పులు పడుతున్నామె నడుం ముసలమ్మ పట్టుకుంది. బొడ్డు దాకా బిడ్డ దానంతటదే దిగేవరకూ నేను చెయ్యి వెయ్యలేదు. అలా ఆగడం బరంపురంలో నేర్చిందే. ఆడపిల్ల. ఇద్దరూ దక్కారు.

పంచాయతీలో పుట్టుక రాయించేటప్పుడు పురుడు పోసిందెవరో చెప్పాలి. నాకు ముప్పు రాకుండా ముసలమ్మే దారి చూపించింది.

"నానే పోసేనని సెప్పీ నర్సమ్మా. నాకు సర్టిఫికెట్టే నేదు, ఇంకేటి లాక్కుంటారు?"

ఆమె నా మేలు కోరే అంది. కానీ నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఏ కాగితమూ లేని ఆమె చేస్తే పనీ, కాగితమున్న నేను చేస్తే నేరమూనా? నేనేం దొంగతనం చేశానని ఆమె కొంగు చాటున దాక్కోవాలి? జాలరితో పాటు వెళ్లి నా పేరే రాయించాను, పక్కన ఒరిస్సా నంబరుతో సహా.

అనుకున్నట్టే రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్లు సంజాయిషీ అడిగారు. పిలిస్తే మళ్లీ వెళ్తానని రాసిచ్చాను. దాంతో అనుమతి ఇంకో ఏడాది పైనే ఆగింది. ఈలోగా యారాడలో మరో నాలుగు పురుళ్లు పోశాను. ఆఖరి పురుడు పోసొచ్చాక నేను జ్వరంతో లేవలేకపోతే, పుట్టుక రాయించడానికి ముసలమ్మే పంచాయతీకి నడిచెళ్లి నా పేరు చెప్పొచ్చింది.