ఏడో మాస్టు మీద గరుడ పక్షి

1997, శివరాత్రి వెళ్ళిన వారం. గాజువాకలో నేను ఫొటో స్టూడియో పెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫొటోలు, ఆటోనగర్ షెడ్ల ప్రారంభోత్సవాలు, ఇవే నా బతుకుతెరువు. ఆ తొమ్మిదేళ్ళూ నేను గొంతు చించుకున్నది ఒక్క మాట కోసమే: వెనకాల ఎవరూ నిలబడకండి బాబూ అని. వధూవరుల తలల మధ్యలోంచి ఎవడో ఒకడు మొహం పెట్టని పెళ్ళి నేను చూడలేదు. బ్యాక్‌గ్రౌండ్ అనే మాట వింటేనే నాకు మంట.

అలాంటి నా దగ్గరకి నూకరాజు వచ్చాడు. జాలరి కుటుంబం. తండ్రీ అన్నలూ వేటకి వెళ్తారు, ఇతనొక్కడే పోర్టు పక్కన ఒక బొగ్గు యార్డులో ఎలక్ట్రీషియన్. అతని పెళ్ళి ఫొటోలు నేనే తీశాను. చేతిలో నాలుగు మడతలు పెట్టిన మెమో ఉంది. యార్డులో హైమాస్టులున్నాయి, అంటే తల చుట్టూ పెద్ద పెద్ద లైట్లుండే ఎత్తు స్తంభాలు. ఏడో మాస్టు ఎక్కి లైట్లు మార్చమంటే ఇతను ఎక్కి చూసి, మార్చకుండా దిగొచ్చేశాడు. పైన గరుడ పక్షి గూడు పెట్టింది, గూడు తోసేస్తే తప్ప అక్కడ చెయ్యి పెట్టడానికి లేదు. ఇంజనీరుగారు కిందనుంచి తలెత్తి చూసి, నాలుగు పుల్లలు తప్ప ఏమీ లేవు, పని ఎగ్గొట్టడానికి సాకు అని రాసేశాడు. మూడు రోజుల్లో రుజువు చూపించకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"రెండు పిల్లలున్నాయి బాబూ, నా కళ్ళతో సూసినాను. నాను అబద్ధం ఆడతన్నానని రాసేసినారు," అన్నాడు.

తెలిసినాయన దగ్గర పెద్ద టెలి లెన్సు బతిమాలి తెచ్చుకుని, మర్నాడు యార్డు గోడ బయట, లారీలు తూచే వేబ్రిడ్జి ఆఫీసు డాబా ఎక్కాను. అక్కణ్ణుంచి గూడు బాగానే కనబడింది. దాంతోపాటు అక్కర్లేనివన్నీ కనబడ్డాయి. వెనక క్రేను, క్రేను వెనక బొగ్గు మోసే కన్వేయరు బెల్టు, పక్షి తల మీదుగా మూడు వైర్లు. ఇవి చాలవన్నట్టు లైట్ల కింద తాటికాయంత అక్షరాలతో ఒక పసుపు రేకు: మాస్ట్ 7. అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కంత, పెద్దది చేస్తే వెనకున్నవి మసకబారతాయి. కానీ ఆ రేకు పక్షిని ఆనుకునే ఉంటే ఏ అపర్చరు మాత్రం ఏం చేస్తుంది? ఎటు జరిగినా ఏదో ఒక ఇనుము దాని బుర్రలోంచి మొలుస్తోంది. బొగ్గు పొడికి కళ్ళు మండుతున్నాయి. ఛీ, ఈ ఊళ్ళో ఒక్క జానెడు ఖాళీ ఆకాశం లేదా అని విసుక్కుంటూనే ఓ డజను తీశాను.

చివరికి డాబా దిగి, ఒక లారీ డ్రైవర్ని బతిమాలి, క్యాబిన్ మీదకెక్కాను. అక్కణ్ణుంచి ఉత్త ఆకాశమే. గంటన్నర తర్వాత గరుడ చేపతో వచ్చి వాలబోతూ గాల్లో ఆగింది. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు సగం విప్పి. నా జన్మలో అంత మంచి ఫొటో తియ్యలేదు.

రెండోరోజు పెద్ద సైజు ప్రింటు అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నంబరు పడలేదేటి బాబూ?"

నాకు ఒళ్ళు మండింది. "నంబరు నీకెందుకయ్యా? పక్షిని చూడు," అన్నాను. పాపం, కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అదే కవరుతో తిరిగొచ్చాడు. ఇంజనీరుగారు చూసి, బాగుందయ్యా, ఏ అడవిలోది, ఎక్కడ కొన్నావు అని అడిగాడట. పక్కనున్నవాళ్ళు నవ్వారట. గడువు ఇంకొక్క రోజే ఉంది. నాకు సిగ్గేసింది.

కాంటాక్ట్ షీట్ తీశాను. రీలులోని ముప్ఫై ఆరు ఫొటోలూ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద ఉంటాయి. డాబా మీంచి తీసినవన్నీ పనికిరావని ఎర్ర పెన్సిల్‌తో నేనే కొట్టేశాను. పదకొండో నంబరులో అన్నీ ఉన్నాయి: వైర్లు, క్రేను, కన్వేయరు, రేకు మీద ఏడు, గూట్లోంచి చాచిన రెండు బోడి తలలు. నూకరాజు వేలు పెట్టి చూపించాడు. "ఇదే బాబూ నాను సెప్పింది."

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో కలర్ ల్యాబ్‌కి పరిగెత్తాను. అర్జంటు, పెద్దది వెయ్యి అని చెప్పి బయట కూర్చున్నాను. ల్యాబ్ ఆపరేటర్ నాకు పాత దోస్తు. గంటకి ప్రింటు తెచ్చిచ్చాడు. అందులో పక్షి ఉంది, పిల్లలున్నాయి. వైర్లు లేవు, క్రేను లేదు, రేకు లేదు.

"బ్యాక్‌గ్రౌండ్ గలీజుగా ఉంది బావా. నీకు నచ్చదని నానే కటింగ్ కొట్టీసినాను," అన్నాడు నవ్వుతూ.

వాణ్ణి తిట్టాలని నోరు తెరిచాను. కానీ తొమ్మిదేళ్ళుగా వాడికా పని నేర్పింది నేనే. ఒక్క పిసరు కూడా కొయ్యకుండా మళ్ళీ వేయించుకుని, స్కూటరు మీద మధ్యాహ్నం భోజనాల వేళకి యార్డు గేటు దగ్గర నూకరాజుకి అందించాను.

ఇంజనీరుగారు ఏడో నంబరు చూశాడట, పిల్లల్ని చూశాడట, మెమో వెనక్కి తీసుకున్నాడట. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ మాస్టు జోలికి వెళ్ళొద్దన్నాడు. పిల్లలు ఎగిరాక నూకరాజే ఎక్కి లైట్లు మార్చాడు.

ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు, ఆకాశంలోని గరుడ ఫొటోకి ఫ్రేము కట్టి, ఉంచుకో అని ఇవ్వబోయాను. తీసుకోలేదు. వైర్లున్నదే ఇంట్లో గోడకి పెట్టుకున్నాడట.

"అది బాగుంది గానీ బాబూ, అందులో మా యార్డు లేదు కదా," అన్నాడు.

అప్పట్నుంచీ ఎవరొచ్చినా కెమెరా తియ్యకముందే ఒక మాట అడుగుతాను: ఈ ఫొటో ఎవరికి చూపించాలి? కొందరు విసుక్కుంటారు. పెళ్ళిళ్ళలో వెనకాల దూరే మొహాల మీద నాకు ఇప్పటికీ మంటే. అయినా నెగెటివ్‌లో ఉన్నదేదీ ప్రింటులో మాత్రం కొయ్యనివ్వను.