బండి జాలీకి కట్టిన దారం

"సూది యాడుంది? ఓవర్."

"నడుమనే ఉంది. పైకి పోలే. ఓవర్."

మేమిద్దరం చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. అప్పుడు మా ఆయన పట్నం దవాఖానలో, రక్తం శుద్ధిచేసే మిషన్ పక్కన మంచం మీద ఉన్నాడు. నేను దవాఖాన వెనక ఎండలో కారు నిలిపి, స్టీరింగ్ వదలకుండా కూర్చుని ఉన్నాను. ఆయన అడిగింది ఇంజన్ వేడి చూపించే సూది గురించి.

మాజీ సైనికుల సంఘం వాళ్లు పుస్తకం వేస్తున్నారట. "హవల్దార్ గారి అనుభవాలు ఏమైనా ఉంటే రాయించి పంపమ్మా" అన్నారు. ఆయన మిలిట్రీలో బండ్లు బాగుచేసేవాడు. మంచు కొండల్లో చేశాడు. ఇసుకలో చేశాడు. ఎట్లుండె అని అడిగితే "చలి ఉండె, బండ్లు ఉండె" అనేవాడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు. ఆయన చెప్పని మాటలు నేనెట్లా రాయించగలను? అందుకే నేను చేసిన డ్యూటీ చెబుతున్నాను. రాస్తున్నది మా తమ్ముడి బిడ్డ మౌనిక. నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతే.

నా పోస్టింగ్ పోచంపల్లిలో, మా ఇంటి పక్క రేకుల షెడ్డు.

ఎండాకాలం. మూడు వైపులా రేకులు, నాలుగో వైపు బజారు. నేల బండరాయి. పొద్దున పది కొట్టేసరికి రేకు మీద చెయ్యి పెట్టలేం. గాలి లేదు. ఉన్నా అది పొయ్యి మీది గాలే. ఆ షెడ్డులో మా పాత తెల్ల కారు. పింఛను మీద వచ్చాక ఆయన కొన్నది. ఆయనకు షుగర్ ముదిరి ఎడమ కాలు మోకాలి కింద తీసేశాక బండి నడపడం నేను నేర్చుకున్నాను. ఊరి బయట చెరుకు లారీలు తిరిగే దారిలో నేర్పించాడు. లైసెన్సు పరీక్షలో గుర్తుల బొమ్మలు చూసి జవాబులు చెప్పాను.

ఆ డ్యూటీ పడడానికి ముందురోజు దవాఖాన నుంచి తిరిగి వస్తుంటే సూది పైకి ఎక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పక్కకు ఆపి, చల్లారే దాకా కూర్చుని, కొద్దికొద్దిగా నడుపుకుంటూ ఇల్లు చేరాం. దారంతా ఆయన ఒకటే మాట.

"ఫ్యాన్ తిరుగుతలేదు. రేడియేటర్ ఫ్యాన్ పోయింది."

ఎల్లుండి మళ్లీ పోవాలి. మూత్రపిండాలు రెండూ పనిచేయవు. వారానికి రెండుసార్లు మిషన్ మీద పడుకోవాల్సిందే. ఒక్కసారి తప్పినా ముఖం ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు. పోయిన చలికాలం ఒకసారి తప్పింది. ఆ రాత్రి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని గాలి కోసం నోరు తెరిచిన తీరు నాకు తెలుసు.

అంబులెన్సు పిలుద్దామన్నాను.

"గా బండి ఎక్క."

"ఎందుకెక్కవయ్యా? మందికి గదే దిక్కాయె."

"నా సోపతిగాళ్లను గసొంటి బండ్లెనే తీస్కపోయిన్రు. ఒక్కడు తిరిగి రాలే. నేను పోతే నా బండ్లె పోత. లేకుంటే ఈ మంచం మీదనే ఉంట."

మూర్ఖపు మాటే. కానీ ఆ మనిషి అన్నాడంటే అన్నట్టే. పోయిన చలికాలం తప్పింది కూడా ఆ పట్టుదల వల్లనే. ఆటోలో తీసుకుపోదామంటే, మానని కాలు గతుకుల రోడ్డుకు అంత దూరం ఓర్చుకోదు. ఊళ్లో మెకానిక్ ఒక్కడే. బిడ్డ పెళ్లికని నకిరేకల్ పోయాడు, వారం దాకా రాడు. బండి నడిస్తేనే ఆయన నడుస్తాడు. నాకు అర్థమైంది అదే.

"నేను బిగిస్త. నువ్వు చెప్పు" అన్నాను.

ఆయన నవ్వాడు. కాలు తీసేశాక ఆయన నవ్వు విన్నది అదే మొదటిసారి అనుకుంటా.

ఆయన ఇంట్లో, మగ్గం గది కిటికీ పక్కన మంచం మీద. గాయం మానేదాకా వేడిలోకి తేవద్దని డాక్టర్ చెప్పాడు. కిటికీలోంచి షెడ్డు కనిపించదు. మా పెళ్లప్పుడు కట్టిన గోడ, దాని మీద జామచెట్టు నీడ మాత్రమే కనిపిస్తాయి. అందుకని ఫోన్. నా ఫోన్‌ను గుడ్డసంచిలో వేసి మెడకు కట్టుకున్నాను. స్పీకర్ పెట్టాను.

"మాట అయిపోంగనే ఓవర్ అనాలె" అన్నాడు. "లేకుంటే ఇద్దరం ఒక్కసారే ఒర్లుతం. ఓవర్."

"ఇదేమన్న నీ మిలిట్రీనా?"

"ఓవర్ అనలేదు. ఓవర్."

"ఓవర్, నీ మొకం."

సామాన్లు: ఆయన పానాల డబ్బా. స్క్రూ డ్రైవర్. నల్ల టేపు. బల్బు పెట్టిన టెస్టర్. ఒక పాత చీర ముక్క. కింద పరుచుకోవడానికి గోనెసంచి. చెంబెడు నీళ్లు. నెత్తికి ఆయన ఖాకీ టోపీ. చెమట కళ్లలోకి దిగకుండా అది ఆయనే పెట్టుకోమన్నాడు.

మొదటి హుకుం, బ్యాటరీకి ఉన్న నల్ల తీగ విప్పడం.

"ముందుగాల అదే. యాది పెట్టుకో. ఇంజన్ వేడిగున్నప్పుడు తాళంచెవి తీసినంక గూడ ఆ ఫ్యాన్ తనంతల తాను తిరుగుతది. లోపల వేడి పోయిందాక తిరుగుతది. చెయ్యి పెడితే వేళ్లు పోతయి. ఓవర్."

"మనిషి లేకున్న తిరుగుతదా? ఓవర్."

"తిరుగుతది. దాని డ్యూటీ అది. ఓవర్."

విప్పాను. పై రెండు బోల్టులు తేలిగ్గా వచ్చాయి. కింది రెండింటి కోసం బండి కిందికి దూరాను. బండ వీపు కాల్చింది. మట్టి కళ్లలో పడింది. ఒక బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. చెబితే, "దీపంల నూనె పోసి జరసేపు ఆగు" అన్నాడు. పోసి ఆగాను. ఆగినంతసేపూ ఫోన్‌లో ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆయన అవతల ఉన్నాడని తెలుస్తూ ఉంటే వీపు కాలడం కూడా ఓర్చుకున్నాను. తర్వాత బోల్టు కదిలింది.

ఫ్యాన్‌ను దాని చట్రంతో సహా పైకి లేపాలి. రేడియేటర్ వెనక సన్నటి రేకులుంటాయి. వంగితే పనికిరావు.

"మగ్గం మీద అచ్చు పండ్లను ఎట్ల చూస్కుంటవో గట్లనే. ఓవర్."

అట్లా చెబితే నాకు సులువైంది. అచ్చు అంటే మగ్గం మీద పోగులు దూరే దువ్వెన లాంటిది. అచ్చు పన్ను ఒక్కటి వంగినా బట్టంతా గీత పడుతుంది. చిన్నప్పటి నుంచి చేసిన పని అది. ఒక్క రేకు తగలకుండా లేపాను. మోటారును బ్యాటరీకి నేరుగా కలిపి చూడమన్నాడు. కలిపాను. చప్పుడు లేదు. చచ్చిపోయింది.

సప్లై డ్యూటీ మా తమ్ముడిది. వాడిది పట్నంలో కొలువు. ఆ మోడల్ బండికి కొత్త ఫ్యాన్ ఎక్కడా దొరకలేదట. పాత సామాన్ల బజారులో వెతికి, వేరే కంపెనీ బండిదైనా సరిగ్గా అంతే సైజున్నది పట్టుకుని సాయంత్రం బస్సులో తెచ్చాడు.

"అక్కా, నువ్వు బిగిస్తవా గిది? బావ బిగిస్తడా?" అన్నాడు గుమ్మంలోనే.

"నేనే. ఏం, నవ్వొస్తాందా?"

"నవ్వు గాదక్కా. బావకు అన్నం వండినోళ్లను జూసిన గాని, బావకు బండి రిపేరు చేసినోళ్లను సూడలే."

వాడికి నాకంటే వణుకెక్కువ. చాయ్ తాగించి చివరి బస్సుకు పంపించేశాను.

తెల్లవారి, ఎండ రాకముందే మొదలుపెట్టాను. కొత్త ఫ్యాన్‌ను చట్రంలో పెట్టి కిందికి దింపాను. నాలుగు బోల్టులు బిగించాను. ఇక తీగలు. పాత ఫ్యాన్ తీగల కొసనున్న ప్లగ్గు వేరు, కొత్తదానిది వేరు. అందుకని కోసి అతకాలి. బండి నుంచి వచ్చేవి రెండు తీగలు: ఒకటి నీలం, ఒకటి నలుపు. ఫ్యాన్ నుంచి వచ్చేవి కూడా నీలం, నలుపే. ఇంకేం కావాలి?

అతకడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతుకుతాం. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటాం. ఎర్ర పోగుకు ఎర్ర పోగు, తెల్ల పోగుకు తెల్ల పోగు. ఒక్క పోగు రంగు తప్పినా చీర చెడుతుంది. నీలానికి నీలం, నలుపుకు నలుపు మెలిపెట్టి, టేపు చుట్టాను.

"అతికిన. మగ్గానికి అతికినట్టే అతికిన. ఓవర్."

"శాబాష్. బ్యాటరీ కలుపు. స్టార్ట్ చెయ్. ఓవర్."

ఇంజన్ నడిచింది. కాసేపటికి ఫ్యాన్ గుర్రుమని తిరిగింది. నేను బండి ముందుకు వచ్చి నిలబడ్డాను. చల్లటిది కాకున్నా గాలి. ముఖానికి తగిలింది. ఎంత హాయిగా అనిపించిందో.

"తిరుగుతాంది! గాలి గూడ మస్తుగొస్తాంది. ఓవర్."

సంచిలోని ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఇనవడ్తాందా? ఓవర్."

"గాలి యాడికొస్తాంది? ఓవర్."

"నా మొకానికే. బండి ముంగట నిలవడ్డ. ఓవర్."

"ఆండాలూ, సూది జూడు."

ఓవర్ అనలేదు. పరుగెత్తి చూశాను. సూది ఎక్కుతోంది. ఆపేశాను.

ఇంట్లో ఫ్యాన్ గాలి మన మీదికి కొట్టాలి. బండి ఫ్యాన్ అట్లా కాదట. ముందున్న జాలీలోంచి గాలిని లోపలికి గుంజుకోవాలి. ఇది బయటికి తోస్తోంది. వేరే కంపెనీది కదా, దాని రంగుల లెక్క వేరు. నీలం తీగ నలుపు తీగ చెయ్యాల్సిన పని చేస్తోంది, నలుపు తీగ నీలం తీగ పని. తీగలు మార్చి కలపాలన్నాడు.

టేపు విప్పాను. నీలం తీగ పట్టుకున్నాను. నలుపు పట్టుకున్నాను. నా చెయ్యి ఒప్పలేదు. తప్పు రంగుకు రంగు అతకడం ఈ చేతులు ఎన్నడూ చెయ్యలేదు.

"ఏమైంది? ఓవర్."

"చెయ్యి పోతలేదయ్యా."

"బట్ట నేస్తలేవు. నన్ను తీస్కపోతున్నవ్. కలుపు. ఓవర్."

నీలానికి నలుపు కలిపాను. నలుపుకు నీలం. టేపు చుట్టాను.

"గాలి ఎటు పోతాందో ఎట్ల తెలుస్తది? ఓవర్" అని అడిగాను.

"నీ దగ్గర లేనిది దారమా? ఓవర్."

మగ్గం గదిలోకి పోయాను. ఆయన మంచం మీంచే చెయ్యి చాచి, మగ్గానికి వేలాడుతున్న ఎర్ర పోగు ఒకటి తుంపి ఇచ్చాడు. తెచ్చి జాలీకి కట్టాను. బండి స్టార్ట్ చేశాను. ఇంజన్ వేడెక్కేదాకా నిలబడ్డాను. దారం ఊరికే వేలాడుతోంది. ఫ్యాన్ అందుకుంది. దారం ఒక్కసారిగా లేచి, జాలీ సందులోంచి లోపలికి పోయి, బిగుసుకుని నిలిచింది.

"గుంజుకుంది! దారం గుంజుకుంది!"

ఓవర్ అనడం మరిచిపోయాను. ఆయన కూడా అడగలేదు. కిటికీలోంచి దగ్గు లాంటి నవ్వు వినిపించింది. ఫోన్‌లో కాదు, గోడ అవతలి నుంచి.

ఆ దారం విప్పలేదు. ఉండనియ్యమన్నాడు.

మర్నాడు పొద్దున బయలుదేరాం. ఇస్త్రీ చొక్కా వేయించుకున్నాడు. ముందు సీట్లో కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, దారంతా సూదినే చూశాడు. చౌరస్తా దగ్గర లారీల వెనక చాలాసేపు ఆగిపోయాం. ఎండ నెత్తికెక్కింది. సూది నడుమ నుంచి కదల్లేదు. "మా యూనిట్ల నువ్వుంటే నా ప్రమోషన్ నీకే వస్తుండె" అన్నాడు. మమ్మల్ని దాటిపోతున్న అంబులెన్సును చూసి తల తిప్పుకున్నాడు.

దవాఖాన గుమ్మంలో చక్రాల కుర్చీ ఎక్కించారు. బండి పక్కకు తియ్యమన్నారు. వెనక్కి తీసుకుపోయి ఎండలో పెట్టాను. మిషన్ మొదలుపెట్టాక ఆయన ఫోన్ చేశాడు. సూది ఎక్కడుందని అడిగాడు. చెప్పాను. నేను ఓవర్ అన్నాను కదా, ఇక మాట్లాడాల్సింది ఆయన. ఫోన్ చెవికి పెట్టుకుని ఆగాను. ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. ఎవరో డాక్టర్‌ను పిలవడం. నేను మెట్లెక్కేసరికి గుండె ఆగిపోయిందన్నారు. ఎవరి తప్పూ లేదు. ఆ గుండె ఎన్నాళ్లనుంచో అలిసిపోయి ఉందట.

మా తమ్ముడు వచ్చాడు. దవాఖాన వాళ్లు అంబులెన్సు ఇచ్చారు. బతిమాలాను, మా బండిలో తీసుకుపోతానని. కుదరదన్నారు. ఆయన ఎక్కనన్న బండిలోనే ఎక్కించారు. తమ్ముడు పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు గూడ రా. కారు తర్వాత తెచ్చుకుందం."

"నేను ఆయన బండ్లనే వస్త."

వాడు అంబులెన్సు తలుపు వేసుకున్నాడు.

ముందు అంబులెన్సు, వెనక నేను. పక్క సీట్లో కర్ర. ఏడ్వలేదు. ఏడిస్తే రోడ్డు కనపడదు. సూది చూస్తూ నడిపాను. మళ్లీ అడిగితే చెప్పాలి కదా అన్నట్టు చూశాను. నడుమనే ఉంది.

ఊరు చేరాం. బజారు నిండా జనం. ఆయనను లోపలికి మోసుకుపోయారు. నేను బండిని షెడ్డులో పెట్టి, తాళంచెవి తీశాను. ఇంజన్ ఆగింది. లోపల ఆడవాళ్ల ఏడుపు లేచింది.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

బండి ముందుకు వచ్చి నిలబడ్డాను. బండిలో ఎవరూ లేరు. తాళంచెవి నా చేతిలో ఉంది. ఎర్ర దారం జాలీలోకి బిగుసుకుని ఉంది, లోపల ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు. "రా ఆండాలూ" అని ఎవరో పిలిచారు. పోలేదు. దాని డ్యూటీ అయ్యేదాకా నిలబడ్డాను. వేడి పోయింది. ఫ్యాన్ నెమ్మదించింది. ఆగింది. దారం కొస మెల్లగా జారి, కిందికి వేలాడింది.

ఇన్నేళ్లలో నా కళ్ల ముందు నుంచి పోనిది ఆ దారమే. ఆయన ముఖం కూడా అప్పుడప్పుడు మసకవుతుంది. దారం మాత్రం మసకవదు.

బండి ఇంకా షెడ్డులోనే ఉంది. వారానికోసారి స్టార్ట్ చెయ్యకుంటే చెడుతుందని ఆయన హుకుం. చేస్తాను. ఎక్కడికీ పోను. ఫ్యాన్ అందుకునేదాకా కూర్చుని, తాళంచెవి తీసి, ముందుకొచ్చి నిలబడతాను.

అంతే. నా డ్యూటీ ఇదే.

మౌనికా, రాసింది ఇప్పుడు చదివి వినిపించు బిడ్డా. మొదటి నుంచి చదువు. ఆయన మాట నువ్వు చదివి ఆగు. నా మాట నేనే చెప్త.