రోహిణి దాటాక వెళ్దామనుకున్నాను

మొదటి బిడ్డ పోవడానికి తానే కారణమని నా కూతురు అనుకుంటోంది. కాదు, నేను. ఈ మాట గుండెల్లో పెట్టుకుని ఏళ్లుగా తిరుగుతున్నాను. నా పేరు అడగకండి. వినండి, చాలు.

పురిటికి ఉయ్యూరులో మా ఇంటికి వచ్చింది. తొమ్మిదో నెల పడగానే అరిచేతులు, అరికాళ్లు ఒకటే దురద. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు, అయినా రక్తం వచ్చేలా గోక్కునేది. వేడి చేసిందని మజ్జిగ తాగించాను. తగ్గకపోతే విజయవాడ తీసుకెళ్లాను. లివర్‌లో తేడా ఉందేమోనని డాక్టరమ్మ మాత్రలు రాసి, రక్తపరీక్ష చేయించింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. పిల్ల అప్పుడే కునుకు తీస్తోంది. నేనెత్తాను.

"రిపోర్టు బాలేదండీ. పైత్యరసం రక్తంలో బాగా పెరిగింది. కాన్పయితే తల్లికి తగ్గిపోతుంది, భయమంతా బిడ్డకే. కడుపులోనే ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు. రేపు పొద్దున్నే తీసుకొచ్చేయండి, ఆపరేషన్ చేసేద్దాం."

"అలాగేనండీ" అన్నాను.

ఫోన్ పెట్టేసి క్యాలెండర్ చూశాను. రేపు రోహిణి. రోహిణిలో పుడితే మేనమామకు గండమంటారు. ఆ మేనమామ, నా కొడుకు, అప్పటికే బండి మీద నుంచి పడి కాలికి రాడ్డుతో పక్క గదిలో ఉన్నాడు. ఎల్లుండి శుక్రవారం. ఆడపిల్లను గడప దాటించకూడదు. శనివారం వెళ్దాంలే అనుకున్నాను. పిల్ల లేచి అడిగితే, "డాక్టరమ్మ శనివారం రమ్మంది, కంగారేం లేదంది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి!

కొడుకు మీద ప్రేమా అది? లేక డాక్టర్లు ఆపరేషన్ల కోసం అలాగే బెదిరిస్తారని పదిమందీ అనే మాటను అడ్డం పెట్టుకుని, నా మొండితనానికి నేనే సర్ది చెప్పుకున్నానా? ఇప్పటికీ తెలియదు. తెలిసి మాత్రం ఏం లాభం?

శుక్రవారం సాయంత్రం "బిడ్డ కదలట్లేదమ్మా" అంది. కారులో దారంతా పొట్ట మీద చెయ్యేసి వాణ్ణి పిలుస్తూనే ఉంది. స్కానింగులో గుండె చప్పుడు లేదు. మగపిల్లాడు. ముందే ఎందుకు రాలేదని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగితే, కారు దొరకలేదని చెప్పాను. ఛీ, నా బతుకు!

"ఒక పూట మాత్ర మర్చిపోయానమ్మా, అందుకేనేమో" అని అది ఏడ్చింది. నీ తప్పు కాదని అనలేదు నేను. మన రాత అన్నాను.

నా కొడుకు కాలు నయమై బాగానే తిరుగుతున్నాడు.

మొన్న కూతురు ఫోన్ చేసింది. మళ్లీ నెల తప్పింది. "ఈసారీ నీ దగ్గరికే వస్తానమ్మా. నువ్వు పక్కనుంటే నాకు భయముండదు" అంది. రా తల్లీ అన్నాను. ఇవాళ మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. దానికి మాత్రం ఇంకా చెప్పలేదు.