కరెంటు ఆపి చూడమన్న నారాయణమ్మ

నిన్న చింతామణి నుంచి వస్తుంటే మా బస్సు ముందు ఒక ఆటో పోతోంది, దాని నిండా తడి మల్బరీ ఆకు. ఆ పచ్చి వాసన కిటికీలోంచి తగలగానే నారాయణమ్మ గుర్తొచ్చింది. ఆమెది జంగమకోటె. పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలై, చివరికి చిక్కబళ్ళాపురం దగ్గర మా పరిశోధనశాలలో ఎలుకలను చూసుకునే పనికి కుదిరింది. నేను చేరేనాటికి ఆమెకు అక్కడ పదేళ్ళ అనుభవం. నాకున్నది ఇంజనీరింగు డిగ్రీ, దాంతోపాటు వచ్చిన పొగరు. మొదటి వారమే తలలో మల్లెపూలతో వెళ్తే నన్ను గుమ్మంలోనే ఆపేసింది. పురుగుల ఇంట్లోకి వాసనలతో పోకూడదట, ఎలుకల గదికీ ఆమె పెట్టిన చట్టం అదే. నేను గొణుక్కుంటూ పూలు తీసి బయట పెట్టాను.

ఎలుక తలకు తగిలించే బుల్లి పరికరం తయారు చేయడం నా పని. వెంట్రుకంత తీగలతో అది మెదడుకు కొద్దిగా కరెంటు పంపుతుంది, మెదడు పంపే సంకేతాలను నమోదు చేస్తుంది. మేము దాన్ని టోపీ అనేవాళ్ళం. బెదురు ఎలుకలు ఆ కరెంటుతో శాంతపడతాయా అన్నది మా ప్రశ్న. టోపీ లేని ఎలుకలు పెట్టెలో అటూ ఇటూ పరుగెత్తాయి. టోపీ పెట్టి కరెంటు ఇచ్చినవి మూల చేరి కదలకుండా కూర్చున్నాయి. నేను గాల్లో తేలిపోయాను. మరుసటి వారమే మా సారు ఆ ఫలితాన్ని డబ్బిచ్చే పెద్దల ముందు పెట్టాలి, ప్రాజెక్టు ఉండేదీ పోయేదీ దాని మీదే.

నారాయణమ్మ మాత్రం వంగి ఎలుకను చాలాసేపు చూసింది. పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటుంది, పురుగులు పెంచేవాళ్ళు దాన్ని జ్వరం అంటారు.

"జ్వరంలో ఉండే పురుగు తల పైకెత్తుకోని ఉంటాదమ్మా. ఇది గడ్డం నేలకానించేసిండాది. శాంతం కాదు, టోపీ బరువు. కరెంటు ఆపేసి, టోపీ అట్లే ఉంచి చూడు."

"పంజరాలు కడిగే నీకేం తెలుసక్కా?" అన్నాను. ఆమె ఎలుకను అరచేతిలోకి తీసుకుని టోపీ విప్పి, నీళ్ళు పట్టింది.

మర్నాడు ఆమె రాకముందే కరెంటు ఆపి, టోపీ పెట్టి చూశాను. ఎలుక అదే మూలలో, అలాగే గడ్డం ఆనించి కూర్చుంది. ఇన్నాళ్ళూ నేను కొలిచింది ఒక చిన్న ప్రాణి అవస్థను. నారాయణమ్మ వచ్చేసరికి ఏడుస్తున్నాను. "నేను చెప్పలేదా" అని దెప్పలేదామె, పక్కన కూర్చుంది. ఆ మధ్యాహ్నం సారుతో నిజం చెప్పేశాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు గానీ, పెద్దలను అడిగి కొన్ని నెలల గడువు తెచ్చారు.

ఆ నెలలన్నీ బరువు తగ్గించడంతోనే సరిపోయింది. బ్యాటరీ మార్చాను, సర్క్యూట్ పలకను సన్నం చేశాను. ప్రతి టోపీనీ ముందు ఆమె చూడాల్సిందే. "ఇంకా తగ్గించు" అనడం ఆమె వంతు, విసుక్కోవడం నా వంతు. ఒకరోజు ఎలుక టోపీతోనే ముందు కాళ్ళు ఎత్తి పెట్టె మూత వాసన చూసింది.

"ఇప్పుడు అడుగమ్మా దాన్ని, నీకేం కావల్లో" అంది.

అడిగాను. కరెంటుతో ఎలుకలేమీ శాంతపడవని తేలింది. గొప్ప ఫలితం కాదు గానీ, నిజం. దాని మీద అచ్చయిన పరిశోధన పత్రంలో నా పేరు చూసుకోవడానికి సిగ్గుపడలేదు.

పని మానేసిన రెండేళ్ళకే నారాయణమ్మ పోయింది. ఆమెకు నేను క్షమాపణ చెప్పనే లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను, ఆమె ఎప్పుడూ అంత ప్రేమగానే పలకరించడంతో అవసరం లేదనుకున్నాను. ఇప్పుడు నా దగ్గర పదిమంది పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా అడ్డు చెప్పినప్పుడు "నీకేం తెలుసు" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, "ఏం చూశావో చెప్పు" అంటాను.